ఇంకా మేలుకోని కణాలు: పెర్సిస్టర్ బాక్టీరియా మీద ప్రాజెక్టు డైరీ

1వ వారం

యాంటీబయాటిక్ ధాటికి కోట్ల కణాలు చనిపోతున్నా కొన్ని మాత్రం ఎలా బతికి బయటపడుతున్నాయన్నది ఈ ప్రాజెక్టులో నేను తేల్చుకోవలసిన ప్రశ్న. ఇది నిరోధకతకు సంబంధించిన ప్రశ్న కాదు. నిరోధకత సంపాదించిన బాక్టీరియా మందు ఉండగానే పెరుగుతుంది, ఆ గుణం జన్యువుల ద్వారా సంతతికి అందుతుంది. నేను వెతుకుతున్న కణాలు మందులో పెరగవు, అలాగని చావవు కూడా. జీవక్రియలను దాదాపు నిలిపివేసి నిద్రాణ స్థితిలో ఉండిపోతాయి. మందు తొలగిన తర్వాత మేలుకొని విభజన చెందుతాయి. అలా పుట్టిన సంతతికి మళ్ళీ అదే మందు ఇస్తే, మొదటిసారి లాగానే అత్యధిక భాగం చనిపోయి, అతి కొద్ది భాగం మిగులుతుంది.

పెన్సిలిన్ స్ట్రెప్టోకాకస్ కణాల్లో సుమారు 99 శాతాన్ని చంపి ఒక శాతాన్ని వదిలివేస్తోందని 1942లో గ్లాడిస్ హాబీ, ఆమె సహచరులు గమనించారు. 1944లో డబ్లిన్‌లో జోసెఫ్ బిగ్గర్ స్టెఫిలోకాకస్‌లోనూ ఇలాంటి కణాలను చూసి, వాటికి పెర్సిస్టర్లు అని పేరు పెట్టారు. తెలుగులో మొండి కణాలు అని రాద్దామని మొదట అనుకున్నాను. అయితే మొండితనంలో ఎదురు నిలిచే గుణం ఉంది, ఈ కణాలు ఎదురు నిలవవు, పడుకుంటాయి. అందుకని ఈ డైరీలో పెర్సిస్టర్ అన్న మాటనే వాడుతున్నాను.

వ్యాధుల విషయంలో దీని ప్రభావం చాలా ఎక్కువ. క్షయకు ప్రామాణిక చికిత్స ఆరు నెలల పాటు సాగడానికి ఒక ముఖ్య కారణం, ఊపిరితిత్తుల్లో పెరగకుండా పడి ఉండే బాక్టీరియాయే. ఐసోనియజిడ్ కణకవచ నిర్మాణాన్ని అడ్డుకునే మందు కనుక, కవచం కట్టుకుంటూ పెరిగే కణాలను త్వరగా చంపుతుంది, కట్టుకోని కణాల మీద దానికి పట్టు తక్కువ. రోగి తేరుకున్నట్టు కనిపించి చికిత్స మధ్యలో మానేసినప్పుడు వ్యాధి తిరగబెట్టడానికి ఈ మిగిలిన కణాలు దారి తీస్తాయి. నా పని మాత్రం వ్యాధి కలిగించని ప్రయోగశాల రకమైన ఈ. కోలై కే-12 ఎంజీ1655 మీద సాగుతుంది. ఇందులో నేర్చుకున్న లెక్క వ్యాధికారక బాక్టీరియాకు కూడా పనికొస్తుందన్నది మా ఆశ.

2వ వారం

మొదటి ప్రయోగం పద్ధతి ఇది. రాత్రంతా పెరిగిన కల్చర్‌ను, అంటే ద్రవంలో పెంచిన బాక్టీరియాను, తాజా ఎల్‌బీ బ్రాత్ అనే పోషక ద్రవంలో వంద రెట్లు పలుచన చేసి, 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర షేకర్‌లో ఉంచి, ద్రవం ఎంత మసకబారిందో చెప్పే కొలత ఓడీ 0.3కి చేరగానే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల చొప్పున ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపాను. పెరుగుదలను ఆపడానికి చాలిన కనిష్ఠ గాఢత, అంటే ప్రయోగశాల భాషలో ఎంఐసీ, ఈ రకానికి నా కొలతలో 8 మైక్రోగ్రాములు. ఆ లెక్కన నేను వేసినది పన్నెండు రెట్లకు పైమాటే. గంటకొకసారి నమూనా తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మందు పోయేదాకా కడిగి, పదేసి రెట్లు పలుచన చేసుకుంటూ, అగార్ ప్లేట్ల మీద పది మైక్రోలీటర్ల చుక్కలు పెట్టాను.

మందు వేసే ముందు మిల్లీలీటరుకు 20 కోట్ల కణాలు ఉన్నాయి. గంట గడిచేసరికి 20 లక్షలు, రెండు గంటలకు లక్షన్నర, మూడు గంటలకు 40 వేలు మిగిలాయి. ఆ తర్వాత వేగం దాదాపు ఆగిపోయింది. నాలుగో గంటలో 28 వేలు, ఐదో గంటలో 22 వేలు. లాగరిథమిక్ స్కేలు మీద గీసినప్పుడు గీత మొదట నిట్టనిలువుగా దిగి, తర్వాత మోకాలు వంచినట్టు వంగి, నేలబారుగా సాగింది. పుస్తకాల్లో ఎన్నోసార్లు చూసిన ఈ రెండు వాలుల వక్రాన్ని నా చేతి లెక్కతో గీసుకున్నప్పుడు కలిగిన సంతోషం చెప్పలేనిది.

ఇక్కడొక జాగ్రత్త రాసుకోవాలి. ప్లేట్లను 24 గంటలకే లెక్కపెట్టి పారవేయకూడదు. 48 గంటలకు మళ్ళీ చూస్తే ఐదో గంట ప్లేట్ల మీద కాలనీలు, అంటే బతికిన ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపులు, మరో పదిహేను శాతం పెరిగాయి. ఆలస్యంగా వచ్చినవి ఆవగింజలో సగం కూడా లేవు. అవి బలహీనమైన కణాలేమో అని మొదట అనుకున్నాను, కానీ తాజా ప్లేటు మీద గీస్తే మిగతా వాటిలాగే పెరిగాయి. అవి ఆలస్యంగా మేలుకున్నాయి, అంతే.

3వ వారం

బతికిన కాలనీల్లో పన్నెండింటిని తీసి ఎంఐసీ చూశాను. పన్నెండింటికీ 8 మైక్రోగ్రాములే వచ్చింది. వాటిలో మూడింటిని మళ్ళీ పెంచి ఆంపిసిలిన్ ఇస్తే, అదే వక్రం, అదే మోకాలు. అంటే బతికినది జన్యు మార్పు వల్ల కాదు. ఈ పరీక్ష చేయకుండా పెర్సిస్టర్లను చూశామని చెప్పే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

అసలు చిక్కు వేరేచోట వచ్చింది. అదే ప్రయోగాన్ని మరో రెండు రోజులు చేశాను. మొదటి రోజు ఐదో గంటలో 22 వేలు మిగిలిన చోట, రెండో రోజు 2 లక్షల 60 వేలు, మూడో రోజు 9 వేలు మిగిలాయి. మందు అదే సీసాలోది, బ్రాత్ అదే, ఉష్ణోగ్రత అదే, ఓడీ కూడా అదే 0.3. దాదాపు ఇరవై తొమ్మిది రెట్ల తేడాను చేతి తప్పు అని సరిపెట్టుకోలేను. పిపెట్లను సరిచూశాను, ఆంపిసిలిన్‌ను కొత్తగా కలిపాను, కడిగే విధానాన్ని మార్చాను. ఏదీ ఆ తేడాకు కారణం కాలేదు.

4వ వారం

నా కాగితాలన్నీ మా గైడ్ గారి ముందు పరిచాను. ఆమె వక్రాలను చూడనే లేదు.

“ఓవర్‌నైట్ కల్చర్ ఎన్ని గంటలది?” అని అడిగారు.

“రాత్రి పెట్టి పొద్దున తీశాను, మేడమ్.”

“మూడు రోజులూ అంతేనా? గంటలు రాసుకున్నారా?”

రాసుకోలేదు. షేకర్ వాడకం పుస్తకంలో వెతికితే గంటలు దొరికాయి. మొదటి రోజు 17 గంటల కల్చర్, రెండో రోజు పరికరం ఖాళీ లేక ప్రయోగం మధ్యాహ్నానికి జరిగినందువల్ల 26 గంటల కల్చర్, మూడో రోజు 14 గంటలది. మిగిలిన కణాల వరుస కూడా అచ్చం అదే వరుస.

ఆ సాయంత్రం కూర్చొని ఒక చిన్న లెక్క వేశాను, ఇది మొదటి రోజే వేయవలసిన లెక్క. ఓవర్‌నైట్ కల్చర్‌లో మిల్లీలీటరుకు సుమారు 400 కోట్ల కణాలు ఉంటాయి. వంద రెట్లు పలుచన చేస్తే 4 కోట్లు. నేను మందు వేసినప్పుడు ఉన్నవి 20 కోట్లు. అంటే మధ్యలో పెరిగింది ఐదు రెట్లు మాత్రమే, రెండున్నర తరాలు కూడా నిండలేదు. ఆహారం అయిపోయి రాత్రంతా నిలిచిపోయిన కణాల్లో ఎక్కువ భాగం తాజా బ్రాత్ తగలగానే లేచి విభజన మొదలుపెడతాయి గాని, కొన్ని లేవవు. ఓడీ మీటరుకు ఆ తేడా తెలియదు. పెరుగుతున్న కణమూ, పడుకున్న కణమూ దానికి ఒకే మసక.

అలాగైతే నేను లెక్కపెట్టినవి మందు తాకిడికి నిద్రలోకి జారుకున్న కణాలు కావు, నిన్నటి ఆకలి నిద్రలోంచి ఇంకా లేవని కణాలు. నాతలీ బలబాన్ బృందం 2004లో సూక్ష్మ నాళికల్లో ఒక్కొక్క కణాన్నీ వెంటాడి చూసినప్పుడు ఈ రెండు మార్గాలనూ వేరు చేసింది. పెరుగుదల ఆగిపోయిన స్థిరదశలో ఆకలి వంటి ప్రేరణ వల్ల ఏర్పడి, కొత్త ఆహారం వచ్చాక కూడా ఆలస్యంగా లేచేవి మొదటి రకం. చురుగ్గా పెరుగుతున్న జనాభాలోనే ఎప్పటికప్పుడు నెమ్మది స్థితిలోకి మారేవి రెండో రకం. ఆ పత్రాన్ని ప్రాజెక్టు మొదట్లోనే చదివాను. నా ఫ్లాస్కులో ఉన్నది ఏ రకమో అడగాలని మాత్రం అప్పుడు తట్టలేదు.

5వ వారం

ఈసారి కల్చర్ వయసునే ప్రయోగంగా మార్చాను. 12, 18, 24, 48 గంటల ఓవర్‌నైట్ కల్చర్లను ఒకే సమయానికి సిద్ధంగా ఉండేలా వెనక్కి లెక్కకట్టి పెట్టాను. అన్నిటినీ వంద రెట్లు పలుచన చేసి, ఓడీ 0.3 దగ్గర ఒకే గాఢత ఆంపిసిలిన్ ఇచ్చాను. ఐదు గంటల తర్వాత 12 గంటల దాని నుంచి 8 వేలు, 18 గంటల దాని నుంచి 35 వేలు, 24 గంటల దాని నుంచి లక్షా 80 వేలు, 48 గంటల దాని నుంచి 9 లక్షలు మిగిలాయి. మూడుసార్లు చేసినా వరుస మారలేదు. ఎంతసేపు ఆకలితో ఉంచితే అంత లోతుగా పడుకుంటాయని ఇంత సూటిగా కనిపిస్తుందని నేను అనుకోలేదు.

తర్వాత దీనికి ఎదురు ప్రయోగం. కల్చర్‌ను పదివేల రెట్లు పలుచన చేసి పెంచి, ఓడీ 0.2 దాటకముందే మళ్ళీ తాజా బ్రాత్‌లోకి వంద రెట్లు మార్చి, ఇలా నాలుగుసార్లు, కణాలకు ఎక్కడా ఆకలి తెలియనీయకుండా తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా నడిపాను. దానికి మందు ఇచ్చి చూస్తే చుక్కల ప్లేట్ల మీద ఏమీ రాలేదు. ఏమీ రాకపోవడం అంటే సున్నా కాదు. పది మైక్రోలీటర్ల చుక్కలో ఒక్క కాలనీ రావాలన్నా మిల్లీలీటరుకు కనీసం 100 కణాలు ఉండాలి. మర్నాడు మళ్ళీ చేసి, పది మిల్లీలీటర్ల కల్చర్‌ను ఒక మిల్లీలీటరుకు కుదించి, అందులో పదో వంతును ఒక్క ప్లేటు మీద పరిచాను. 190 కాలనీలు వచ్చాయి, అంటే మిల్లీలీటరుకు 190 కణాలు. మొదటి రోజు పదివేలలో ఒకటి మిగిలిన చోట, ఇప్పుడు పది లక్షల్లో ఒకటి. మిల్లీలీటరుకు వంద కణాల హద్దుకు అటూ ఇటూ ఊగే చుక్కల ప్లేట్లను బట్టి ముందు రోజు నేను ఏదీ తేల్చలేదు గాని, పాత కల్చర్ అవశేషాలు లేనప్పుడు నిలిచిన ఈ 190ని మాత్రం రెండో రకానికి చేరువైనవిగా భావిస్తున్నాను.

6వ వారం

కణం ఎలా పడుకుంటుందన్నది ఈ వారం చదువు. అమైనో ఆమ్లాలు తగ్గినప్పుడు వాటిని మోసే టీఆర్‌ఎన్‌ఏలు ఖాళీగానే, ప్రోటీన్లు తయారుచేసే రైబోసోముల్లోకి వచ్చి చేరుతాయి, ఆ స్థితిని రెల్‌ఏ అనే ప్రోటీన్ పసిగట్టి పీపీజీపీపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. 1969లో మైఖేల్ కాషెల్ దీన్ని కనుగొన్నప్పుడు ఫిల్మ్ మీద కనబడ్డ మచ్చకు మ్యాజిక్ స్పాట్ అనే పేరు నిలిచింది. ఈ అణువు జన్యువులను ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ పనిని మళ్ళించి, కొత్త రైబోసోముల తయారీని తగ్గిస్తుంది. ఉన్న రైబోసోములను ఆర్‌ఎంఎఫ్, హెచ్‌పీఎఫ్ అనే ప్రోటీన్లు జతలు జతలుగా కట్టి పనిలేకుండా పక్కన పెడతాయి. పంట కాలం అయిపోయాక కొడవళ్ళను కట్టకట్టి అటక మీద పెట్టినట్టు, విరిచివేయకుండా దాచిపెడతాయి. మేలుకోవలసిన వేళ వాటిని విప్పుకుంటే చాలు, కొత్తగా చేసుకోనక్కరలేదు.

ఆంపిసిలిన్ కణకవచాన్ని కట్టే ఎంజైములను పట్టుకుంటుంది. కవచం కట్టే పని జరుగుతూ ఉంటేనే ఆ పట్టు ప్రాణాంతకం అవుతుంది. పని ఆగిన కణంలో మందు లక్ష్యాన్ని అంటుకున్నా చెరిచేందుకు ఏమీ ఉండదు. దీన్ని నేరుగా చూడాలని గ్లూకోజ్ లేని లవణ మాధ్యమంలో గంటసేపు ఆకలితో ఉంచిన కణాలకు అదే మాధ్యమంలో ఆంపిసిలిన్ ఇచ్చాను. నాలుగు గంటల తర్వాత కూడా పదింట ఏడు కణాలు బతికే ఉన్నాయి. దీన్ని పెర్సిస్టర్ల సంఖ్యగా రాయడం తప్పు. ఇక్కడ జనాభా మొత్తం ఓర్చుకుంటోంది, ఒక చిన్న భాగం కాదు. 2019లో ఈ రంగంలోని పరిశోధకులు కలిసి ప్రచురించిన నిర్వచనాల్లో ఈ రెండింటికీ స్పష్టంగా గీత గీశారు. జనాభా అంతా నెమ్మదిగా చస్తే అది సహనం, గీత మోకాలు వంచి చిన్న భాగం మిగిలితే అది పెర్సిస్టెన్స్.

సిప్రోఫ్లాక్ససిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో కథ మారింది. అది డీఎన్‌ఏ చుట్లను సరిచేసే ఎంజైమును బిగించి డీఎన్‌ఏలో తెంపులు కలిగిస్తుంది, ఆ తెంపులు పడుకున్న కణంలో కూడా పడతాయి. అక్కడ బతుకు మేలుకునే క్షణం మీద ఆధారపడుతుంది. పెరుగుదలకు ముందు మరమ్మతు పూర్తయితే కణం నిలుస్తుంది, లేకపోతే లేచాక చనిపోతుంది.

ఇంకొకటి రాసుకోవాలి. కణం పనిని ఆపే విషప్రోటీన్, దాన్ని అణచిపెట్టే విరుగుడు జంటలే పెర్సిస్టర్లకు మూలమని చాలాకాలం బలంగా నమ్మారు. అలాంటి విషప్రోటీన్ అయిన హిప్‌ఏ విషయంలో ఆధారం గట్టిది. 1983లో హారిస్ మోయెడ్, కెవిన్ బెర్‌ట్రాండ్ ఆ జన్యువులో మార్పు ఉన్న ఈ. కోలైలో పెర్సిస్టర్లు బాగా పెరగడం చూశారు. అయితే ఇలాంటి పది జంటలను తొలగిస్తే పెర్సిస్టర్లు తగ్గుతాయని చెప్పిన 2011 నాటి పత్రం, దాని వెంట వచ్చిన 2013 నాటి మరో పత్రం 2018లో ఉపసంహరణకు గురయ్యాయి. వాడిన కణాల్లో ఫై80 అనే ఫేజ్, అంటే బాక్టీరియాకు సోకే వైరస్, చొరబడి ఉండటం ఒక పెద్ద కారణం. ఆ ఫేజ్ కణాలను చంపుతుంటే, అది పెర్సిస్టర్లు తగ్గినట్టు కనిపించింది. ఇది చదివిన రోజే నా కల్చర్ పైతేటను వడకట్టి, తాజా కణాల పరుపు మీద చుక్కలు పెట్టి చూశాను. కణాలు కరిగిన ఖాళీ మచ్చలేవీ రాలేదు. ఈ పరీక్షను ఇక నుంచి ప్రతి కొత్త రకానికీ చేస్తాను.

8వ వారం

సంఖ్యలు చాలు, ఒక్క కణాన్నైనా కళ్ళతో చూడాలనిపించింది. పది లక్షల్లో ఒకటి ఉండే కణాన్ని సూక్ష్మదర్శిని కింద పట్టుకోవడం అసాధ్యం. కాబట్టి 48 గంటల కల్చర్‌నే ఎంచుకున్నాను, అందులో సుమారు 220కి ఒకటి మిగులుతుందని ఐదో వారం లెక్క చెబుతోంది. ఒక చూపు మేరలో 300 కణాలు ఉండేలా ఆంపిసిలిన్ కలిపిన అగరోజ్ పలక (జెల్లీ లాంటి పలక) మీద పరిచి, ఐదు నిమిషాలకొక ఫొటో తీయించాను.

ఇరవయ్యో నిమిషానికే చాలా కణాలు పొడవెక్కాయి. విభజన జరగకుండానే మూడింతలు, నాలుగింతలు సాగాయి. నలభై నిమిషాల దగ్గర ఒక కణం నడుమున చిన్న బుడిపె లేచింది. తర్వాతి ఫొటోలో అది గుండ్రని బుడగ, ఆ తర్వాతి ఫొటోలో కణం లేదు. నల్లగా ఉండవలసిన చోట లేత బూడిదరంగు తొడుగు మాత్రం ఉంది. డెబ్భై నిమిషాలు గడిచేసరికి చూపు మేర అంతా అలాంటి తొడుగులే.

వాటి మధ్య, ఎడమ పక్క కింది మూలలో, ఒక పొట్టి కణం కనిపించింది. పొడవు రెండు మైక్రాన్లు. మొదటి ఫొటోలో ఎలా ఉందో నాలుగు గంటల తర్వాతి ఫొటోలోనూ అలాగే, అంతే నల్లగా, అంతే పొట్టిగా ఉంది. పక్కన పేలిన కణం తొడుగు జరిగి వచ్చి దీన్ని కాస్త నెట్టింది, అప్పుడు కొంచెం వంపు తిరిగింది. ఆ నాలుగు గంటల్లో దాని జీవితంలో జరిగిన సంఘటన అదొక్కటే.

తర్వాత పెనిసిలినేజ్ ఎంజైము చల్లి ఆంపిసిలిన్‌ను నాశనం చేశాను. గంటా యాభై నిమిషాల వరకు మార్పు లేదు. ఆ తర్వాత వరుసగా మూడు ఫొటోల్లో పొడవు కొలిస్తే 2.0, 2.2, 2.5 మైక్రాన్లు వచ్చింది. రెండు గంటల ఇరవై నిమిషాలకు నడుమ నొక్కు పడి రెండయింది. ఆ తర్వాత ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకొకసారి రెట్టింపు అవుతూ, చచ్చిన వాటి తొడుగుల మధ్య చిన్న గుంపుగా మారింది. గదిలో నేనొక్కడినే ఉన్నాను. ఆ ఫొటోలను మళ్ళీ మళ్ళీ ముందుకు, వెనక్కి నడిపి చూశాను. చికిత్స ముగిశాక వ్యాధి తిరగబెట్టడం అన్న మాటను ఎన్నోసార్లు రాసిన నాకు, అది ఇంత నిశ్శబ్దంగా ఒక మూల నుంచి మొదలవుతుందని అప్పుడే అర్థమయింది.

9వ వారం

పీపీజీపీపీని తయారుచేయలేని కణాల మీద అదే పరీక్ష చేశాను. పెర్సిస్టర్లు తగ్గాయి, పోలేదు. కణంలో శక్తినిచ్చే ఏటీపీ అడుగంటడం, ప్రోటీన్లు ముద్దలుగా పేరుకోవడం వంటి దారులు వేరే ఉన్నాయి కనుక ఇది ఎదురుచూసినదే. ఈ కణాలు పెరిగే వేగమే వేరు కావడం వల్ల ఈ సంఖ్యల నుంచి ఇంతకన్నా ఎక్కువ పిండను.

10వ వారం

పడుకున్న కణాన్ని చంపాలంటే దాన్ని పూర్తిగా లేపడం ఒక దారి, లేవకముందే మందు లోపలికి పోయేలా చేయడం మరో దారి. జెంటామైసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్లు కణంలోకి వెళ్ళడానికి పొర మీద ప్రోటాన్ల వల్ల ఏర్పడే శక్తి అవసరం, నిద్రాణ కణంలో అది తక్కువ. మానిటాల్ వంటి కొన్ని చక్కెర పదార్థాలు అందిస్తే, కణం పెరగకపోయినా ఆ శక్తి తిరిగి వచ్చి మందు లోపలికి చేరుతుందని 2011లో జేమ్స్ కాలిన్స్ బృందం చూపింది.

48 గంటల కల్చర్ నుంచి ఆంపిసిలిన్‌కు మిల్లీలీటరుకు 9 లక్షల చొప్పున మిగిలిన కణాలను కడిగి, లవణ మాధ్యమంలో రెండు గొట్టాలుగా పంచాను. రెండింటిలోనూ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ వేసి, ఒకదానిలో మాత్రం మానిటాల్ కలిపాను. రెండు గంటల తర్వాత మానిటాల్ లేని గొట్టంలో మిల్లీలీటరుకు 6 లక్షలు, ఉన్న గొట్టంలో 700 మిగిలాయి. ఐదో వారంలో ఆకలి గంటలు పెంచి కణాల నిద్రను లోతు చేసిన నాకు, ఆ లోతులోకి కూడా దారి ఉందని చూడటం ఎంతో ఊరటనిచ్చింది.

మిగిలిన ఆ 700 సంగతి ఇంకా తేలలేదు. 24 గంటల లెక్కలో అవి 400 మాత్రమే, మిగతా 300 కాలనీలు రెండో రోజున వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన వాటి వాటా మునుపెన్నడూ ఇంత ఎక్కువగా లేదు. మానిటాల్‌ను వాడుకోలేనంత లోతుగా పడుకున్నవి ఇవేనా, లేక మానిటాల్‌ను లోపలికి తెచ్చుకునే ప్రోటీన్ కొరవడినవా అన్నది వచ్చే వారం అగరోజ్ పలక మీద చూడాలి. అందుకోసం కల్చర్‌ను ఇవాళ సాయంత్రం ఆరు గంటలకు షేకర్‌లో పెట్టాను. నోటుబుక్కులో ఓడీ గడికి ముందు కొత్తగా గీసిన గడిలో ఆ గంటను రాశాను.